పిలిస్తేనే వచ్చే పిశాచి

కిందటి వారం మనం హిమబిందుని పామర్రు సెంటర్లో, గుడివాడ బస్సు ఫుట్‌బోర్డు మీద వదిలేశాం. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో మేనత్త మాణిక్యమ్మ మోచెయ్యి పట్టుకుని ఎక్కుతోంది. ఆ మేనత్తని అవనిగడ్డలో ఇంట్లోంచి కదిలించడానికి పిల్ల ఎన్ని పాట్లు పడిందో చదివినవాళ్ళకి మళ్ళీ చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళకి నాలుగు ముక్కలు.

గురువారం హిమబిందుకి తాంబూలాలు. కుర్రాడు ముదినేపల్లి హర్ష. హిమబిందు తనంతట తను నచ్చి, ఇంట్లో చెప్పి, ఏడ్చి, అలిగి ఒప్పించుకున్నవాడు. అంతా కుదిరాక హర్ష వాళ్ళమ్మ ఒక మెలిక పెట్టింది. "అమ్మాయికి మేనత్త ఉంది. ఆవిడకి పెళ్ళీడు కొడుకున్నాడు. మేనరికం కాదని మాకిస్తున్నప్పుడు ఆవిడ కూడా వచ్చి నలుగురిలో కూర్చుని తాంబూలం అందుకోవాలి. లేకపోతే రేపెవరో ఏదో అంటారు, మేం పడలేం. ఆవిడ రాకపోతే తాంబూలాలూ వద్దు," అంది. న్యాయమైన మాటే. కానీ ఆ మేనత్త ఈ ఇంటి గడప తొక్కదు. పదకొండేళ్ళ కిందట ఈ ఇంటి గృహప్రవేశానికి మాణిక్యమ్మ గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. "మీ అమ్మ నోటితో రమ్మంటే వస్తాను," అని ఆవిడ పంతం. "నా నోటితో ఆ మాట రాదు," అని హిమబిందు తల్లి రావమ్మ పంతం. మధ్యలో తండ్రి వెంకటాద్రి, ఎరువుల కొట్టు నుంచి వచ్చి పేపరు వెనక దాక్కునే మనిషి. "పాపం వెంకటాద్రి" అనడం ఆ వీధిలో అందరికీ అలవాటు.

బస్సులో మాణిక్యమ్మ ఒళ్ళో గుడ్డసంచీ పెట్టుకుని దాని మూతి గుప్పిట్లో బిగించి కూర్చుంది. హిమబిందు రెండుసార్లు, "ఇలా ఇవ్వండి అత్తయ్యా, నేను పట్టుకుంటాను," అంది. ఆవిడ ఇవ్వలేదు.

బస్సు దిగి వాళ్ళు హిమబిందు ఇంటికి వెళ్ళలేదు. పక్క వీధిలో ఉమాశ్రీ ఇంటికి వెళ్ళారు. ఉమాశ్రీ అమ్మానాన్నలు ఏదో పెళ్ళికి బందరు వెళ్ళారు కాబట్టి ఇల్లు పిల్లల రాజ్యం. హిమబిందు, ఉమాశ్రీ, ఫణికుమార్ మూడేళ్ళు ఒకే బెంచీల వరసలో కూర్చుని బీకాం చదివినవాళ్ళు. పరీక్షలు అయిపోయాక ఏం చెయ్యాలో తోచక ఉమాశ్రీ నెహ్రూ చౌక్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేది. అక్కడ దొరికింది ఈ పిచ్చి. ఏటా మే నెలాఖర్లో రక్తపిశాచుల రోజని ఒకటుందట. స్నేహితులంతా నల్ల అంగీలు వేసుకుని, కోరలు పెట్టుకుని, అద్దాలు మూసేసి, ఎర్రటి పానకాలు తాగి గోల చేస్తారట. హిమబిందు ముందు నవ్వింది. తర్వాత ఉమాశ్రీ ఇంకో సంగతి చెప్పింది. ఆ పిశాచి ఎవరింట్లోకీ తనంతట తను రాలేదట. గుమ్మంలో నిలబడుతుందట. ఇంటివాళ్ళు నోరు తెరిచి రమ్మంటేనే గడప దాటుతుందట. ఒకసారి రమ్మన్నాక మాత్రం పొమ్మంటే పోదట.

"మన ఆడపడుచుల్లాగే ఉందే," అన్నాడు ఫణి.

ఆ మాటకి హిమబిందు నవ్వు ఆగిపోయింది. ఆ క్షణంలోనే ఈ పథకం పుట్టింది.

రోహిణి కార్తె ఎండ. సాయంత్రమైనా తారు రోడ్డు మెత్తగా ఉంది. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. ఆ ఉక్కలో నల్ల గౌన్లు వేసుకోవడమంటే పిచ్చి కాక మరేమిటి. గౌన్లు ఫణి తెచ్చాడు. వాళ్ళ నాన్న ప్లీడరు గుమాస్తా. కోర్టులకి వేసవి సెలవులు, గౌన్లన్నీ చాకలింట్లోంచి వచ్చి మేకులకి వేలాడుతున్నాయి. "ఇస్త్రీ నలిగితే నాన్న నా రక్తం తాగుతారు, చూసి తొడుక్కోండి," అని వచ్చినప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. తలమీద కప్పుకోవడానికి పాత గొడుగుల గుడ్డలు. మొహానికి డబ్బాడు పౌడరు, కళ్ళ కింద కాటుక, పెదాలకి బీట్‌రూటు ముక్క రుద్దుడు. కోరలు మాత్రం కొబ్బరివి. ఫణి కత్తిపీట ముందు కూర్చుని కొబ్బరి చెక్క నుంచి సన్నగా కోసి, పైపెదవి కింద ఇమిడేట్టు చెక్కుతున్నాడు. రెండు జతలు బాగానే వచ్చాయి. రెండో కాయ కొడితే కుళ్ళింది.

"అత్తయ్యా, మీ సంచీలో కాయేదో ఉన్నట్టుంది. ఇవ్వండి, మీ కోరలకే," అంది హిమబిందు.

మాణిక్యమ్మ సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఆ కాయ వద్దమ్మా. దానితో పనుంది," అంది.

గుళ్ళో మొక్కేదో ఉందేమో అనుకుంది హిమబిందు. అంతకంటే అనుకునే తీరిక లేదు. ఫణి పరిగెత్తి కొట్లోంచి ఇంకో కాయ తెచ్చాడు. ఉమాశ్రీ మాణిక్యమ్మ చీర మీంచి గౌను తొడిగి, తలమీద గొడుగు గుడ్డ నుదుటి దాకా లాగింది. పౌడరు అద్దుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని చంటిపిల్లలా మొహం ఇచ్చింది. కోరలు పెట్టుకుని, "ఎలా ఉన్నానే?" అంది. కొబ్బరి అడ్డుపడి ఆ మాట సగమే బయటికొచ్చింది. గొంతు గుర్తుపట్టే అవకాశమే లేదు. హిమబిందుకి ధైర్యం వచ్చింది, మరుక్షణం పోయింది, మళ్ళీ వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగింది. తాగానా లేదా అని అనుమానమొచ్చి మళ్ళీ తాగింది.

"నువ్వు ముందెళ్ళు," అంది ఉమాశ్రీ. "మీ అమ్మగారిని గుమ్మంలో నిలబెట్టు. నేను ముందొస్తాను, తర్వాత అత్తయ్యగారు, చివర ఫణి. మొదటి పిశాచిని పిలిచిన చేత్తోనే రెండోదాన్నీ పిలిచేస్తారు."

"పిలవకపోతే?"

"మీ అమ్మగారి సంగతి నీకు తెలీదా? పోస్టుమేన్ ఉత్తరం ఇవ్వడానికొచ్చినా రండి బాబూ, కూర్చోండి, మజ్జిగ తాగుతారా అంటారు."

అది నిజం. రావమ్మ గుమ్మంలో మనిషిని నిలబెట్టి మాట్లాడిన పాపాన పోలేదు. ఎన్నికలప్పుడు మూడు పార్టీలవాళ్ళు ఒకేసారి వస్తే ముగ్గుర్నీ లోపలికి రమ్మని ఒకే సోఫాలో కూర్చోబెట్టింది. అలాంటి ఆవిడ ప్రపంచంలో ఒక్క మనిషిని మాత్రం రమ్మనను అని కూర్చుంది.

హిమబిందు ఇంటికి వచ్చేసరికి రావమ్మ కొత్తావకాయ జాడీకి వాసెన గుడ్డ కడుతోంది. ఇల్లంతా వెల్లుల్లి ఘాటు. వెల్లుల్లి వాసనే గిట్టని రక్తపిశాచులంటూ నిజంగా ఉంటే ఈ డెల్టాలో ఒక్కటీ బతకదు, మే నెల దాటకుండానే చస్తుంది.

"అద్దాలకి తువ్వాళ్ళేమిటే?" అంది రావమ్మ.

"పిశాచాలు అద్దంలో కనబడవమ్మా. అందుకని."

"బాగుంది సంబడం. గురువారం తాంబూలాలు పెట్టుకుని ఇంట్లో పిశాచాల పేరంటమా? అసలు గురువారం అవుతాయో లేదో. ఆవిడెవరో రావాలి, ఈవిడెవరో చూడాలి."

"అవుతాయమ్మా," అంది హిమబిందు. "నువ్వు కాసేపు గుమ్మంలో నిలబడు, అంతే. వాళ్ళొచ్చి లోపలికి రావచ్చా అని అడుగుతారు. నువ్వు రమ్మంటేనే వస్తారు. తర్వాత అందరికీ పుచ్చకాయ రసం, పకోడీలు. ఆవకాయలో వెల్లుల్లి రెబ్బ ఎవరు తినలేకపోతే వాళ్ళే అసలు పిశాచి."

"నాకు పొయ్యి మీద పాలున్నాయి."

"నేను చూస్తాగా."

వెనక వసారాలో వెంకటాద్రి పడక్కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. వెలుగు తగ్గింది. ఆ వెలుగులో పేపరు ఎలా కనబడుతోందో ఆయనకే తెలియాలి. హిమబిందు అటోసారి, ఇటోసారి తిరిగింది. గేటు దాకా వెళ్ళి వచ్చింది. ముందుగది కర్టెను సర్ది, సర్దిందాన్ని మళ్ళీ కదిపింది. కరెంటు వచ్చి పంఖా రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. గురువారం మీద, హర్ష మీద, ఆ తల్లి మీద, ఈ తల్లి మీద అందరి మీదా కోపమొచ్చింది. ఇంత చిన్న మాట. రెండక్షరాలు కూడా లేని మాట. దీనికోసం ఇంతమంది పౌడరు పూసుకోవాలా?

గేటు చప్పుడైంది.

ముందు ఉమాశ్రీ వచ్చింది, చేతులు బార్లా చాపి, గౌను ఎగరేసుకుంటూ. మెట్ల దగ్గర ఇంకా అడుగు పెట్టిందో లేదో, రావమ్మ, "రండమ్మా రండి, లోపలికి రండి, ఎండలో పడొచ్చారు," అనేసింది.

"అడక్కుండా పిలవకూడదు పిన్నిగారూ," అంది ఉమాశ్రీ కోరలు చేత్తో పట్టుకుని. "మేం అడగాలి. మీరు భయపడాలి. అప్పుడు రమ్మనాలి."

"భయమెందుకే, ఉమాశ్రీవే కదా. రా, కూర్చో."

ఉమాశ్రీ లోపలికి వచ్చింది. హిమబిందు తల్లి పక్కనే నిలబడింది. గేటు దగ్గర ఫణి గౌను కాస్త కనబడుతోంది. రోడ్డుకి అవతల ఎవరో మోటార్‌సైకిల్ ఆపుకుని నిలబడ్డారు. అడ్రసు వెతుక్కుంటున్నవాళ్ళేమో.

రెండో పిశాచి గేటు తీసుకుని వచ్చింది. ఎగరలేదు, చేతులు చాపలేదు. మెల్లగా నడిచి, మెట్ల కింద చెప్పులు విడిచి, మెట్లెక్కి, గడపకి జానెడు దూరంలో ఆగింది. తల వంచుకుంది. భుజానికి తగిలించుకున్న సంచీని గౌను లోపల దాచుకుంది.

"రామ్మా, లోపలికి..." అంటూ రావమ్మ కింద చూసింది. అక్కడే ఆగిపోయింది.

గౌను అంచు కింద రెండు పాదాలు. పసుపు రాసిన పాదాలు. వేళ్ళకి అరిగిన వెండి మట్టెలు.

హిమబిందు కూడా అప్పుడే చూసింది. పౌడరు పూశారు, కాటుక పెట్టారు, గొంతు మార్చారు, చీర దాచారు. ముగ్గురు బీకాం చదివినవాళ్ళకి కాళ్ళు గుర్తురాలేదు. కాలేజీ పిల్లలెవరికి మట్టెలుంటాయి?

రావమ్మ చాలాసేపు ఆ కాళ్ళకేసే చూసింది. ఎడమ కాలి చిటికెన వేలు కొద్దిగా వంకర. చిన్నప్పుడు దూడ తొక్కిన వేలు. ఆ వేలు ఆమెకి తెలుసు. కొత్తకోడలిగా వెళ్ళిన మొదటి అట్లతద్దికి ఆ పాదాలకి గోరింటాకు పెట్టింది తనే.

"ముసుగు తియ్యి మాణిక్యం," అంది.

మాణిక్యమ్మ గొడుగు గుడ్డ వెనక్కి తోసింది. కోరలు తీసి గుప్పిట్లో పెట్టుకుంది. పౌడరు మీద చెమట చారలు కట్టింది. "రమ్మన్నావు వదినా," అంది.

"పిల్లల ఆటలో పిశాచిని రమ్మన్నాను. నిన్ను కాదు."

"పిశాచికి ఇచ్చే మర్యాద కూడా నాకు లేదన్నమాట."

"అమ్మా," అంది హిమబిందు. "నేనే తీసుకొచ్చాను. గురువారం..."

"నువ్వు మాట్లాడకు. నీ సంగతి తర్వాత." రావమ్మ కూతురికేసి చూడనే లేదు. "మర్యాద గురించి నువ్వు చెప్తున్నావా మాణిక్యం? గృహప్రవేశం నాడు పిలిస్తే రానిదానివి, పదకొండేళ్ళు ఊరంతా నేనే పిలవలేదని చెప్పుకున్నావు. నేను విన్నాను. పామర్రులో మా పిన్ని చెప్పింది, బందరులో చీరల కొట్లో ఎవరో చెప్పారు. నేను నోరెత్తలేదు."

మాణిక్యమ్మ మొహం మారింది. "పిలిస్తే రాలేదా? ఎవరు పిలిచారు నన్ను?"

"నేను పొయ్యి ముందు కూర్చున్నాను. పాలు పొంగేదాకా లేవకూడదన్నారు పంతులుగారు. కిటికీలోంచి చూశాను నిన్ను. ఆకుపచ్చ చీర కట్టుకున్నావు, చేతిలో పళ్ళబుట్ట. ఆయన్ని పిలిచి చెప్పాను. మాణిక్యం గుమ్మంలో నిలబడింది, నేను లేవకూడదు, మీరెళ్ళి తీసుకురండి అని చెప్పాను. ఆయన సరేనని వెళ్ళారు. కాసేపటికి వచ్చి, వెళ్ళిపోయింది అన్నారు. ఏమంది అంటే, ఏమీ అనలేదు అన్నారు. అన్నగారు స్వయంగా వచ్చి పిలిచినా రాకుండా వెళ్ళిందంటే నా మీద ఎంత విషముందో అనుకున్నాను. అంత విషమున్న మనిషిని మళ్ళీ నా నోటితో ఎందుకు పిలవాలి? చెప్పు."

మాణిక్యమ్మ గడప అవతలే నిలబడి తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, ఊపుతూనే ఉంది.

"అన్నయ్య రాలేదు వదినా. ఎవరూ రాలేదు. చెప్పులు విప్పేసి నిలబడ్డాను, గచ్చు కాలిపోతోంది. లోపల్నుంచి మేళం వినిపిస్తోంది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, నన్ను తప్పుకుని లోపలికెళ్తున్నారు. ఒకావిడ, మీరు పెళ్ళికొడుకు తరఫా అంది, గృహప్రవేశమని కూడా తెలీనట్టుంది. ఆవిణ్ణీ లోపలికి రమ్మన్నారు. ఇంటి ఆడపడుచుని నేను. కాళ్ళు బొబ్బలెక్కేదాకా నిలబడ్డాను. అన్నయ్య వచ్చుంటే నేనెందుకు వెళ్తాను?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఉమాశ్రీ పకోడీ నోట్లో పెట్టుకోబోయి మళ్ళీ ప్లేట్లో పెట్టేసింది. ఇన్నేళ్ళుగా హిమబిందు ఒకసారి అమ్మ మీద, ఒకసారి అత్తయ్య మీద కోపం తెచ్చుకుంది. నాన్న మీద మాత్రం జాలి పడింది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నలిగిపోతున్నాడని పాలు తీసుకెళ్ళి ఇచ్చేది, పక్కన కూర్చునేది.

"నాన్నా," అంటూ వెనక వసారాలోకి వెళ్ళింది.

పడక్కుర్చీ ఖాళీగా ఉంది. పేపరు నేల మీద. పెరటి తలుపు బార్లా తీసి ఉంది.

పెరట్లోంచి వీధిలోకి ఇంటి పక్క సందు ఒక్కటే దారి. పాపం వెంకటాద్రి పారిపోదామనుకున్నా స్కూటరు ముందు గేటు పక్కనే ఉంది, దాని తాళాలు లాల్చీ జేబులో ఉన్నాయి. సందులోంచి తొంగిచూసి, అందరూ లోపలికే చూస్తున్నారనుకుని, పిల్లిలా నడిచి స్కూటరు దగ్గరికి వచ్చాడు. గేటు స్తంభం చాటున మూడో పిశాచి ఉందని ఆయనకెలా తెలుస్తుంది?

"అంకుల్, ఎక్కడికండీ?" అన్నాడు ఫణి, కోరల మధ్య నుంచి నత్తినత్తిగా.

వెంకటాద్రి ఉలిక్కిపడి స్టాండు మీంచి తీసిన స్కూటర్ని మళ్ళీ స్టాండు వేశాడు. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి తల తిప్పి చూశారు.

రావమ్మ భర్తకేసి చూసింది. ఆ చూపు చూస్తే హిమబిందుకే భయం వేసింది. తర్వాత ఆవిడ కుడిచెయ్యి చాపి, గడప అవతల ఉన్న మాణిక్యమ్మ చెయ్యి పట్టుకుంది.

"రా మాణిక్యం," అంది. "లోపలికి రా. ఆ రోజు నేనే లేచి రావలసింది. పాలు పొంగి పొయ్యిలో పోతే పోయేవి."

మాణిక్యమ్మ కుడికాలు గడప లోపల పెట్టింది. పెట్టీ పెట్టగానే రావమ్మ భుజం మీద తల వాల్చి బావురుమంది. నల్ల గౌను మీద పౌడరు, రావమ్మ చీర మీద కాటుక. వంటింట్లో నిజంగానే పాలు పొంగి పొయ్యిలో పడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. హిమబిందుకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అయిపోయింది. అమ్మ పిలిచింది, అత్తయ్య వచ్చింది. గురువారం ఇంక ఎవరూ ఆపలేరు. వెంటనే హర్షకి ఫోన్ చెయ్యాలి.

వెంకటాద్రి తల వంచుకుని మెట్లెక్కాడు. ఎలాగోలా లోపలికి దూరి మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుందామని ఆయన ఆలోచన. మాణిక్యమ్మ కళ్ళు తుడుచుకుని, గిరుక్కున తిరిగి, గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఎక్కడికన్నయ్యా?"

"తప్పుకోమ్మా."

"మీ పెళ్ళి అయ్యాక వదినని తీసుకుని అవనిగడ్డ ఇంటికొచ్చినప్పుడు ఇలాగే నిలబడ్డాను, గుర్తుందా? చంకలో మా అబ్బాయి జయకృష్ణ. ఇద్దరూ పేర్లు చెప్పందే లోపలికి రానివ్వనన్నాను. చెప్పారు. ఇవాళ పేర్లు అక్కర్లేదు. ఆ రోజు నన్ను పిలవడానికి ఎందుకు రాలేదో చెప్పి లోపలికి రా."

"ఎందుకిప్పుడవన్నీ."

"చెప్పండి," అంది రావమ్మ, ఆడపడుచు పక్కన వచ్చి నిలబడి. "మీరు చెప్పేదాకా ఈ ఇంట్లో మిమ్మల్ని ఎవరూ రమ్మనరు."

వెంకటాద్రి కూతురికేసి చూశాడు. హిమబిందు ఎప్పటిలా అడ్డం వెళ్ళలేదు. వెళ్ళాలని కాళ్ళు కదిలాయి, ఆపుకుంది. ఆయన మెట్టు మీద లాల్చీ గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఎదురింటివాళ్ళు వరండాలోకి వచ్చారు.

"అడుగుతావని," అన్నాడు చివరికి.

"ఏం అడుగుతాను?"

"ఆ పెళ్ళినాడు నువ్వు పేర్లే అడిగావా? నీకు కూతురు పుడితే నా కొడుక్కి ఇస్తానంటేనే లోపలికి రా అన్నావు. అందరూ నవ్వుతున్నారు. సరే అన్నాను. నేను కూడా నవ్వుతూనే అన్నాను. తర్వాత నిజంగానే కూతురు పుట్టింది." ఆయన హిమబిందు వైపు చెయ్యి చూపించాడు. "గృహప్రవేశం నాటికి దీనికి పదేళ్ళు. బంధువులంతా ఉన్నారు. నేనొచ్చి నీ చెయ్యి పట్టుకుంటే, ఆ మాట గుర్తుందా అన్నయ్యా అని అందరి ముందూ అడుగుతావనిపించింది. ఔనంటే పిల్ల బతుకు నేనొక్కణ్ణే తేల్చేసినట్టు. కాదంటే చెల్లెల్ని అవమానించినట్టు. వంటవాళ్ళు గాడిపొయ్యి పెట్టిన చోటికి వెళ్ళి వాళ్ళతో పులిహోర గురించి మాట్లాడుతూ నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి నువ్వు లేవు. నాకు హాయిగా అనిపించింది మాణిక్యం. అదీ సంగతి. హాయిగా అనిపించింది."

ఇన్నాళ్ళూ పాపం అనిపించుకున్న మనిషి, ఆ ముసుగు పోయి ఎంత చిన్నగా కనిపిస్తున్నాడో చూసి రావమ్మకి కోపం కంటే సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి మాట మీద ఒక ఇంటి తలుపు మూసుకుంది.

మాణిక్యమ్మ చేతులు దించింది. "ఆ రోజు నేను అడగడానికి రాలేదన్నయ్యా," అంది. "నాకసలు ఆ ఆలోచనే లేదు. పాలు పొంగడం చూద్దామని వచ్చాను. మన నాన్న కట్టలేకపోయిన డాబా నువ్వు కట్టావని బస్సులో పక్కవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చాను."

వెంకటాద్రి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉమాశ్రీ అప్పటికే ఏడుస్తోంది, కాటుక గడ్డం దాకా వచ్చింది. హిమబిందు ముందుకొచ్చి మేనత్త నడుం చుట్టూ చెయ్యి వేసింది. "ఇంక వదిలెయ్యండత్తయ్యా. రానివ్వండి నాన్నని. గురువారం మీరే నా పక్కన కూర్చోవాలి," అంది.

మాణిక్యమ్మ ఆ చేతిని తీసి తన చేతిలోకి తీసుకుంది. మెత్తగానే తీసుకుంది. కానీ వదల్లేదు.

"ఆ రోజు అడగడానికి రాలేదు," అంది మళ్ళీ. "ఇవాళ మాత్రం అడగడానికే వచ్చాను."

రెండో చేత్తో గౌను లోపల్నుంచి సంచీ బయటికి తీసి గడప పక్కన పెట్టింది. ముందు పీచు కట్టిన కొబ్బరికాయ తీసింది, దానికి పసుపు రాసి ఉంది. తర్వాత కుంకుమ భరిణె, ఎర్రంచు పట్టుచీర, డజను గాజులు. వరసగా పెట్టింది. హిమబిందు ఆ కాయకేసి చూసింది. ఆ కాయ వద్దమ్మా, దానితో పనుంది. పొద్దుటి నుంచీ ఈ కాయ పక్కనే బస్సులో కూర్చుంది తను. మేనత్తని బతిమాలి, చెయ్యి పట్టి, బస్సెక్కించి, పౌడరు పూసి, ఈ గుమ్మంలోకి తీసుకొచ్చింది తను.

"మాణిక్యం," అంది రావమ్మ. "పిల్లకి సంబంధం కుదిరింది. గురువారం తాంబూలాలు. నీకు తెలుసు."

"తెలుసు వదినా. తాంబూలాలు ఇంకా పుచ్చుకోలేదని కూడా తెలుసు. పిలవకుండా వచ్చి అడిగితే గొడవకొచ్చానంటారు. ఇప్పుడు నువ్వు పిలిచావు, నేనొచ్చాను. గడప లోపల నిలబడి, పిల్లని నా కొడుక్కి ఇమ్మని అడుగుతున్నాను. ఎందుకడుగుతున్నానో కూడా చెప్తాను. కానీ నేనొక్కదాన్ని చెప్తే సరిపోదు." మాణిక్యమ్మ గేటు వైపు చూసింది. "వాడూ వచ్చాడు. అవనిగడ్డ నుంచి బస్సు వెనకాలే బండి మీద వచ్చాడు. పిలవందే గేటు దాటనని అక్కడే నిలబడ్డాడు. నా కొడుకే కదా."

అందరూ రోడ్డుకి అవతల చూశారు. ఇందాకటి మోటార్‌సైకిల్ అక్కడే ఉంది. దాని పక్కన జయకృష్ణ నిలబడి ఉన్నాడు, చెమటకి తడిసిన చొక్కాతో. చీకటి పడబోతోంది. ఎదురింటివాళ్ళ కరెంటు దీపం వెలిగింది.

"అమ్మా, వద్దు," అంది హిమబిందు.

ఎవరైనా సరే, ఇంటి ముందు నిలబడితే చూస్తూ ఊరుకోవడం రావమ్మకి పుట్టి బుద్ధెరిగాక చేతకాలేదు. పైగా ఈ కుర్రాణ్ణి ఎత్తుకుని తిరిగింది. అన్నం కలిపి పెట్టింది. రావమ్మ కూతురి మొహం చూసింది. గేటు అవతల నిలబడ్డ కుర్రాణ్ణి చూసింది. మెట్టు మీద భర్తని చూసింది, ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

రావమ్మ నోరు తెరిచింది. ఏమందో వచ్చే వారం చూద్దాం.